చెంబెడు నీళ్ళు

ఆదివారం చర్చిలో ప్రభుభోజనమంటే శనివారం నుంచే చెంబమ్మకు ముద్ద దిగేది కాదు. ఎనభయ్యారేళ్ళ మనిషి. యాభయ్యేళ్ళు రెండు పూటలా పన్నెండు ఆవుల పాలు పిండిన చేతులు ఇప్పుడు గుండీ పెట్టుకోవడానికి మొరాయిస్తున్నాయి. ఆరుగురిని కని ఐదుగురిని పెంచింది. మొగుణ్ణి సాగనంపింది. గడ్డివాము రెండుసార్లు తగలబడితే రెండుసార్లూ నోరెత్తకుండా మళ్ళీ వేయించింది. ఊళ్ళో లూథరన్ సంఘానికంతటికీ పెద్దదిక్కు. ఆ సంఘంలో ఎవరికీ తెలియని సంగతొకటుంది. అరవై రెండేళ్ళుగా ద్రాక్షారసం గిన్నె ఆమె పెదాలకు తగులుతోందే గాని ఒక్క చుక్క లోపలికి పోలేదు. గిన్నె వంచగానే పెదాలు బిగించేస్తుంది, మింగినట్టు గొంతు కదిలిస్తుంది. ఏడుగురు పాస్టర్లు మారారు, ఒక్కరూ పట్టుకోలేదు.

పోయిన వారం డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూసి, కోడలిని పక్కకు తీసుకెళ్ళి మాట్లాడాడు. పశువుల డాక్టరు రైతును పక్కకు పిలిస్తే ఏమిటో ఆమెకు ఎప్పుడో తెలుసు, మనుషుల డాక్టరు పిలిచినా అంతే. పోయేలోగా ఒక్కసారైనా ఆ గిన్నెలోది నిజంగా మింగాలి. ఆమెకిక మిగిలిన కోరిక అదొక్కటే.

చెంబమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఊరు పెట్టింది. తొలికాన్పు గడ్డికోతల్లో, నెలలు నిండకుండానే ముంచుకొచ్చింది. మొగుడూ మామా పొలంలో ఉన్నారు, ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ లేరు. ఆడపిల్ల. నీలంగా ఉంది, ఏడవలేదు. చిన్నప్పుడు, సంఘంలో చేరబోయే పిల్లలకు చెప్పే కన్ఫర్మేషన్ క్లాసులో నేర్చింది ఆమెకు గుర్తుంది. బిడ్డ దక్కేలా లేకపోతే పాస్టరు కోసం ఆగక్కర్లేదు, తల్లయినా సరే నీళ్ళు పోసి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేరిట బాప్తిస్మం ఇచ్చెయ్యొచ్చు. బాప్తిస్మం లేని బిడ్డను చర్చి సమాధుల తోట గోడ లోపల పాతనిచ్చేవారు కాదు. ఆ రోజుల్లో అక్కడ కట్టడి అది.

నీళ్ళ చెంబు గదికి అటు చివర, కిటికీ గట్టు మీద ఉంది. ఆమె వెంటనే దానికోసం పోలేదు. పిల్ల వీపు రుద్దింది, నోట్లో ఊదింది, కాళ్ళు పట్టి తలకిందులు చేసింది. ఎన్నో దూడల్ని బతికించిన చెయ్యి, కన్నబిడ్డను బతికించుకోలేదా అనుకుంది. చివరికి పాక్కుంటూ వెళ్ళి చెంబందుకుని నీళ్ళు పోసేసరికి పిల్ల చల్లబడింది. అయినా మాటలన్నీ చెప్పింది.

మొగుడు పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే అడిగాడు. "పోశావా?"

"పోశాను."

"ప్రాణముండగానే?"

"ఉండగానే."

ఆ ఒక్కమాటతో పిల్ల గోడ లోపల చిన్న రాయి కింద పడుకుంది. కథ అంతటితో ముగిసినా బాగుండేది. అప్పటి పెద్ద పాస్టరుగారు దాన్ని ప్రసంగంలోకెక్కించారు. ఆ తల్లి రక్తమోడుతూ లేచి, చెంబందుకుని, విశ్వాసప్రమాణమనే పొడుగాటి పాఠం మొదలుకొని ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పి మరీ నీళ్ళు పోసిందని ఏటేటా కన్ఫర్మేషన్ పిల్లలకు వినిపించేవారు. విశ్వాసప్రమాణం చెప్పిందన్నది ఆయన సొంత కల్పన. ఆమె కాదనలేదు. ఒకటి ఒప్పుకున్నాక రెండోది కాదనడానికి నోరేదీ? అబద్ధం కడుపులో పెట్టుకుని ఆ ద్రాక్షారసం తాగితే శిక్ష తాగినట్టేనని కూడా ఆ క్లాసులోనే నేర్చింది, అప్పటినుంచే గిన్నె దగ్గర పెదాలు బిగించడం.

మూడేళ్ళకు పిండిమర వాళ్ళ కోడలికి బిడ్డ పుట్టి పోయింది. నీళ్ళు పడలేదు. గోడ అవతల దురదగొండి పొదల్లో పాతారు. పెద్ద పాస్టరుగారు ఆ ఇంటికి పోయి, "చెంబమ్మను చూసైనా నేర్చుకోలేకపోయావా?" అన్నారట. అప్పటిదాకా అక్కా అక్కా అంటూ కవ్వం అరువుకొచ్చే మనిషి ఆ రోజునుంచి చెంబమ్మ గుమ్మమూ తొక్కలేదు, చర్చి గుమ్మమూ తొక్కలేదు.

ఇప్పుడున్న పాస్టరు ఆడమనిషి, అందరూ పాస్టరమ్మంటారు, మనవరాలి వయసు. నెల కిందట చెంబమ్మ ధైర్యం చేసి ఆమెతో అంతా చెప్పేసింది. పాస్టరమ్మ చెయ్యి పట్టుకుని, దేవుడు అంత చిన్నవాడు కాదు అమ్మమ్మా, నీళ్ళు పడకపోతే పసిపిల్లను వదిలేస్తాడా, నీకు క్షమాపణ ఎప్పుడో దొరికింది అంది. టీ చల్లారేలోపు అయిపోయింది.

"అరవయ్యేళ్ళ కిందట ఎక్కడ దాచారమ్మా ఈ మాట?" అని అడిగింది చెంబమ్మ. ఆ ఆదివారం కూడా పెదాలు వాటంతటవే బిగుసుకున్నాయి.

అందుకే ఈ శనివారం కర్ర పట్టుకుని పిండిమరకు బయల్దేరింది. పావుగంట నడక, ఆమెకు గంట పట్టింది. పిండిమర ఆవిడ, ఆనాటి కోడలే, వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. చూసింది, కూర్చోమనలేదు. చెంబమ్మ తలుపు పట్టుకుని నిలబడే అంతా చెప్పింది.

ఆవిడ కత్తి ఆపకుండా అడిగింది. "మీ పిల్ల ఏడ్చిందా?"

"లేదు. ఒక్కసారి కూడా."

"మాది ఏడ్చింది." చెక్కు పొడుగ్గా గిన్నెలోకి జారింది. "పావుగంట ఏడ్చింది. నీళ్ళు చేతిలోనే ఉన్నాయి. నువ్వు విశ్వాసప్రమాణం మొత్తం చెప్పావన్నారుగా. నాకు సగంలో తప్పిపోయింది. తప్పు చెబితే చెల్లదేమోనని మళ్ళీ మొదటికొచ్చాను. మళ్ళీ తప్పింది. మూడోసారి మొదలెట్టేసరికి అది ఏడుపాపేసింది."

చెంబమ్మ కర్రను గోడకానించి రెండు చేతులా తలుపు పట్టుకుంది.

"అసలెంత చెప్పాలి? ఇప్పుడు చెప్పు, వింటాను."

చెంబమ్మ ఆ మూడు పేర్లూ చెప్పింది. ఒక్క ఊపిరిలో అయిపోయింది.

"ఇంతేనా?"

"ఇంతే."

కత్తి ఆగింది.

"నన్ను క్షమించు చెల్లీ."

"దుంపలడుగు, బుట్టెడిస్తాను. అది మాత్రం అడక్కు." ఆవిడ ఇంకో దుంప అందుకుంది. "ఇక పో. మీవాళ్ళు వెతుక్కుంటారు."

మర్నాడు అందరూ మోకరించడానికి ముందుకు కదిలారు. చెంబమ్మ బల్ల మీంచి లేవలేదు. మోకాళ్ళ నొప్పులనుకుని కోడలు సైగ చేసింది, పాస్టరమ్మే గిన్నె పట్టుకుని దగ్గరకొచ్చింది. చెంబమ్మ గిన్నె మీద అరచెయ్యి మూసింది.

"మా పిల్ల నీళ్ళు పడకముందే పోయింది. నేను అబద్ధమాడాను." పొలం అవతలి ఆవుల్ని కేకేసి పిలిచిన గొంతు అది, ముసలిదైనా చివరి వరస దాకా వినబడింది. ఆర్గన్ వాయించే టీచరమ్మ మధ్యలో ఆపేసింది. కోడలు తల దించుకుంది. "దీన్ని పిండిమరకు తీసుకెళ్ళమ్మా. నా మాట కూడా చెప్పు. ఆవిడ తాగితే నేను తాగుతాను."

"తాగకపోతే?" అంది పాస్టరమ్మ మెల్లిగా.

"నాకూ వద్దు."

పాస్టరమ్మ గిన్నె మీద తెల్లగుడ్డ కప్పి, బల్లల మధ్య నుంచి నడిచి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. పెదాలు ఎండిపోతుంటే చెంబమ్మ తలుపుకేసి చూస్తూ కూర్చుంది. పిండిమర దాకా పావుగంట దారి. పావుగంట ఎంత పొడుగో ఆమెకు నిన్ననే తెలిసింది.