నేను అని రాయి

“నేను అని మొదలుపెట్టు. గుండ్రంగా, పొందిగ్గా రాయి. సాయంత్రం నాలుగింటికి విచారణాధికారి వస్తాడు,” అన్నారు మా ఆయన, కట్టు కట్టిన కుడిచేతిని దిండు మీద సర్దుకుంటూ.

పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని కూర్చున్నాను. పక్కటెముకలు కలుక్కుమన్నాయి. ఆయన తరఫున ఉత్తరాలు, దరఖాస్తులు, ప్రయాణికులకు క్షమాపణలు పద్నాలుగేళ్లుగా నేనే రాస్తున్నాను. “నీ దస్తూరీ బాగుంటుంది” అన్నదొక్కటే ఈ ఇంట్లో నాకు దక్కిన బిరుదు. ఆయన జనాన్ని ఎక్కించుకుని తిప్పే హెలికాప్టర్ అద్దాలు తుడవడం, ఎక్కేవాళ్లకు బెల్టులు బిగించడం, ఫోన్లకు నవ్వుతూ బదులివ్వడం ఎవరికీ పనిలా కనిపించవు.

“నేను ఎగురుతుండగా ఇంజన్ శక్తి అకస్మాత్తుగా పోయింది,” అని చెప్పారు.

అకస్మాత్తుగా. ఆ మాట దగ్గర పెన్ను ఆగింది. మంగళవారం పొద్దున మేమిద్దరమే ఎగిరినప్పుడు మబ్బుగా, చెమ్మగా ఉంది. అలాంటప్పుడు ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టంలో మంచు కడుతుంది. ముందుగా వేడిగాలి మీట లాగితే చాలు. ఆ గొట్టంలో వేడి చూపించే సూది, మంచు కట్టొచ్చని హెచ్చరించే పసుపు గీతలోకి రావడం నేను చూశాను. “ఏవండీ, వేడి పెట్టండి,” అన్నాను. “ఇదేమన్నా నీ వంటిల్లా?” అన్నారు. మళ్లీ చెబుదామనుకునేసరికి ఆయన దవడ బిగిసింది. ఆ దవడంటే నాకు భయం. చావుకన్నా ముందు దానికే భయపడ్డాను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చెవుల్లో హెచ్చరిక మోత. బీడు పొలం మా మీదికి లేచి వస్తోంది. అయిపోయాం అనుకున్నాను. పడిపోతున్నప్పుడు ఎవరికైనా, హెలికాప్టర్‌ని పైకి లేపే లివర్ పైకి లాగాలనిపిస్తుంది. ఆయనా లాగారు. ఇంజన్ ఆగాక అలా లాగితే పైన తిరిగే రెక్కలు నెమ్మదించి, ఇక రాయిలా పడటమే. నేను నడపడం నేర్చుకునే రోజుల్లో నా సీటు పక్కన బిగించిన, ఆయన లివర్‌తో కలిసి కదిలే రెండో లివర్ ఇంకా అక్కడే ఉంది. ముప్ఫై గంటలు ఎగిరాక అత్తయ్య, “ఇద్దరూ గాల్లో ఉంటే పొయ్యి దగ్గరెవరుంటారే?” అనడంతో మానేశాను. చెయ్యి మాత్రం మరిచిపోలేదు. ఒంట్లో బరువంతా వేసి లివర్‌ని కిందికి నొక్కాను. ఆయన బలం నా అరచేతికి తెలుస్తూనే ఉంది. “వదలండి!” అని అరిచాను. ఆయన మీద అరవడం అదే మొదలు. వదిలేశారు. నేల దగ్గరకొచ్చాక, దిగే వేగం తగ్గేలా నేనే పైకి లాగాను. నేలకి ఆనే కింది కడ్డీ విరిగి, కుడివైపుకి ఒరిగిపోయాం.

“ఇంకా రాయి,” అన్నారు. “సూదిలో తేడా ఏమీ కనిపించలేదు. నేను వెంటనే లివర్ దించి, క్షేమంగా నేలకు చేర్చాను. సంతకం కూడా నువ్వే పెట్టెయ్. నెల తిరిగేసరికి కట్టు విప్పేస్తారు. అద్దెకి ఇంకో హెలికాప్టర్ మాట్లాడాను. ముగ్గురు పిల్లలతో ఒక కుటుంబం ఎక్కుతానంది. ఈ కాగితం వెళ్లిపోతే నాకు అడ్డేం ఉండదు.”

గుమ్మంలోంచి అత్తయ్య, “వాడి పేరు చెడితే నీ పరువు నిలుస్తుందా అమ్మాయ్? చెప్పింది రాయి,” అన్నారు.

ముగ్గురు పిల్లలు. వాళ్ల బెల్టులు బిగించి, తలుపు వేసి, చెయ్యి ఊపాల్సింది నేనే. ఆయన చెప్పింది రాస్తే వాళ్ల ప్రాణాలకు ముప్పు. రాయకపోతే ఈ ఇల్లు, ఆ దవడ, రేపటినుంచి పూటపూటా. రెండూ భయమే.

మన భాషలో ఒక తమాషా ఉంది. అతను దించాడు, ఆమె దించింది అంటే ఎవరో తెలిసిపోతుంది. నేను దించాను అంటే ఆడో మగో తెలియదు. ఇన్నేళ్లుగా నేను రాసిన ప్రతి “నేను”లోనూ ఆయనే ఉన్నారు.

కొత్త కాగితం తీశాను. “సూది పసుపులోకి రావడం నేను చూశాను. చెప్పాను. ఆయన వినలేదు. రెండోసారి చెప్పడానికి భయపడ్డాను. ఇంజన్ ఆగింది. నేను లివర్ దించాను.”

“అయిందా? ఏదీ, చదువు,” అన్నారు.

“అయింది. అధికారి వచ్చాక చదువుతాను,” అన్నాను.

సంతకం చోట నా పేరు రాశాను.