రెండో మంచం బిళ్ల

మా చెల్లి ఏ పనికీ వేళకు వచ్చిన మనిషి కాదు. కళ్లజోళ్ల దుకాణం ఇద్దరం కలిసి నడిపినన్నాళ్లూ షట్టరు ఎత్తింది నేనే, దించింది నేనే. ఆవిడగారు ముందు గదిలో ఎవరికో గోడ మీది అక్షరాలు చదివిస్తూ, మధ్యమధ్యలో వాళ్లింటి సంగతులన్నీ ఆరా తీస్తూ కూర్చునేది. నేను వెనక గదిలో అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, బల్ల తుడిచి, తాళంచెవులు పట్టుకుని గుమ్మంలో కాపలా కాసేదాన్ని. "వచ్చేస్తున్నానక్కా" అనేది. అలా అన్నాక ఇంకో ఇద్దరి కథలు వినేది.

పెంగ్విన్లను వాటి దీవుల్లోనే చూడాలన్నది దాని పిచ్చి. నాకలాంటి పిచ్చేమీ లేదు. ఓడ పేరెత్తితేనే నాకు కడుపులో తిప్పుతుంది. పైగా మంచు చూడటానికి అంత దూరం దేనికి, ఫ్రిజ్ తలుపు తెరిస్తే సరిపోదా అనేదాన్ని. ఏళ్ల తరబడి చెవిలో జోరీగలా పోరి చివరికి నా చేత ఊఁ అనిపించింది. ఇద్దరికీ కలిపి రెండు మంచాల గది తీసుకుంది. ప్రయాణం దగ్గరపడ్డాక ఒకరోజు జ్వరమంటే ఆసుపత్రికి తీసుకెళ్లాను. తిరిగి నేనొక్కదాన్నే ఇంటికొచ్చాను.

జరిగిందానికి ఒక మాట ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్లందరూ ఆ మాట అన్నారు. నేను తలూపానే గానీ, అది నా నోట రాలేదు. ఏడుపూ రాలేదు. గుండె రాయి చేసుకుందని కొందరు, అసలు ఉన్నదే రాయి అని కొందరు అనుకున్నారు. అనుకోనీ, నాకేం. అయితే ఆ జాలి చూపుల మధ్య ఊపిరాడలేదు. నన్నెరిగినవాళ్లు ఒక్కరూ లేని చోటికి పోవాలనిపించి, ఓడెక్కాను.

భోజనాల దగ్గర నా బల్లకు ఎదురుగా ఒక పళ్ల డాక్టరు కూర్చునేవాడు. పని మానేసి చాలా కాలమైనా, మాట్లాడుతుంటే నా కళ్లకేసి కాకుండా పళ్లకేసే చూసేవాడు. ఒక్కరే వచ్చారా అని మొదటిరోజే అడిగాడు. చెల్లితో వచ్చానన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. మరి ఆవిడేరీ అంటే, ఓడ ప్రయాణం పడక, గదిలోనే పడుకుందన్నాను.

ఇక ఆ రోజు నుంచి ఆయన అడగడం, నేను చెప్పడం. ఇవాళ కాస్త నయమండీ, గంజి తాగింది. ఇవాళ మళ్లీ మొదలైందండీ, తల ఎత్తడం లేదు. దాని దుకాణం కబుర్లు కూడా చెప్పేదాన్ని, ఆయన పగలబడి నవ్వేవాడు. అబద్ధమని నాకు తెలియక కాదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ మా చెల్లి కింద గదిలో మూలుగుతూ పడుకుని ఉండేది. భోజనం ముగించి గదికి వెళ్తే, రెండో మంచం మీద దుప్పటి వేసింది వేసినట్టే ఉండేది. ఆ దుప్పటి చూడలేక గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

దీవులకు రబ్బరు పడవల్లో తీసుకెళ్లేవారు. పడవలోకి దిగే తలుపు పక్కన గోడకు ఒక బోర్డు ఉండేది. గదిలోని ఒక్కో మంచానికి ఒక్కో బిళ్ల చొప్పున కొక్కేలకు వేలాడుతుండేవి. ఒడ్డుకు వెళ్లేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు ఎరుపు వైపుకు తిప్పాలి, తిరిగొచ్చాక తెలుపు వైపుకు తిప్పాలి. ఒక్కటి ఎర్రగా మిగిలినా ఓడ కదలదని, యాత్ర నడిపే పెద్ద గైడు మొదటిరోజే గట్టిగా చెప్పింది. ఖాళీ మంచాల బిళ్లలూ అక్కడే ఉండేవి. మొదటిసారి దిగేటప్పుడు నా చెయ్యి నాది తిప్పి, పక్కదీ తిప్పేసింది. బస్సెక్కినా, సినిమాకెళ్లినా రెండు టిక్కెట్లు తీసుకునే చెయ్యి అది. వచ్చాక రెండూ తెల్లగా తిప్పాను. ఆ హడావుడిలో ఎవరూ గమనించలేదు. తర్వాత ప్రతి దీవికీ అలాగే చేశాను.

ఆఖరి దీవిలో కనుచూపు మేరా పెంగ్విన్లే. వాటి అందం గురించి అందరూ చెబుతారు గానీ కంపు గురించి ఎవరూ చెప్పరు. ముక్కుకు మఫ్లరు చుట్టుకుని ఒక రాయి మీద కూర్చున్నాను. సముద్రంలోంచి ఒక తల్లి పెంగ్విన్ వచ్చి మెడ చాచి అరిచింది. అన్ని వేల గొంతుల గోలలోనూ ఆ ఒక్క గొంతు పట్టుకుని, ఎక్కడినుంచో దాని పిల్ల పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చింది. ఇలా జరుగుతుందని మా చెల్లి దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. కోతలు కొయ్యకే అనేదాన్ని నేను.

"నిజమేనే" అన్నాను పక్కకు తిరిగి. పక్కన గులకరాళ్లున్నాయి. ఆసుపత్రి వరండాలో కూడా నేను అంత ఒంటరిగా లేను.

గాలి ముదురుతోందని ఈల వేసి అందర్నీ వెనక్కి పిలిచారు. పడవ నడిపే సరంగు, గడ్డమున్న పెద్దమనిషి, ఎప్పటిలాగే నా మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఓడలో బూట్లు కడుక్కుని బోర్డు దగ్గరికొచ్చాను. నా బిళ్ల తెల్లగా తిప్పాను. రెండోదాని మీద చెయ్యి వేసి ఆగిపోయాను. ఇది చూడాలని తపించింది తను. ఇంత తొందరగా లోపలికి లాక్కురావడానికి మనసొప్పలేదు. ఇంకాసేపు ఉండనీ, కాఫీ తాగొచ్చి తిప్పుదాంలే అనుకుని గదికి వెళ్లాను. ఒళ్లు కొంకర్లు పోతుంటే దుప్పటి కప్పుకుని కూర్చున్నాను.

కాసేపటికి మైకులో పిలుపు వినబడింది. మా గది నంబరు చెప్పి, రెండో మంచం ప్రయాణికురాలు వెంటనే దిగే తలుపు దగ్గరికి రావాలన్నారు. మళ్లీ పిలిచారు. మూడోసారీ పిలిచారు.

లేచి వెళ్లాలని తెలుసు. లేవలేదు. ఇన్నాళ్లూ దానికోసం చూసింది నేనొక్కదాన్నే. ఇప్పుడు ఓడంతా చూస్తోంది. వరండాలో పరుగులు, తలుపులు తెరుస్తున్న చప్పుళ్లు. మా చెల్లి కనబడటం లేదని ఇంతమంది కంగారుపడుతున్నారు. అది వింటూ ఉండాలనిపించింది.

అంతలో కిటికీలోంచి రబ్బరు పడవ కనబడింది. ఇద్దరు మనుషులు దాన్ని మళ్లీ దీవి వైపు తీసుకెళుతున్నారు. అలల మధ్య పడవ పైకి లేచి, కనబడకుండా పోయి, మళ్లీ లేస్తోంది. మేజోళ్లతోనే పైకి పరిగెత్తాను.

తలుపు దగ్గర పెద్ద గైడు చేతిలో వైర్‌లెస్ పట్టుకుని నిలబడి ఉంది. పళ్ల డాక్టరు పక్కనే ఉన్నాడు. ఆ మంచంలో అసలు మనిషే లేరేమోనని సిబ్బందిలో ఒకరికి అనుమానం వచ్చిందట. ఈయనే గట్టిగా చెప్పాడట, ఆవిడ ఉన్నారు, ఇన్నాళ్లూ లేవలేకపోయారు, ఆఖరి దీవి కదా అని ఇవాళ ఓపిక చేసుకుని దిగి ఉంటారు అని. నన్ను చూసి, భయపడకండి, దొరుకుతారు అన్నాడు.

"ఆ మంచం ఖాళీది. బిళ్ల నేనే తిప్పాను" అన్నాను గైడుతో.

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తిట్టలేదు. వైర్‌లెస్‌లో, ఇక చాలు, వెనక్కి వచ్చేయండి అని మాత్రం రెండుసార్లు అరిచింది. ఆ గాలిలో అంతకుమించి వినబడదు. మరి మీ చెల్లెలు, అని డాక్టరు అడగబోయి ఆగాడు. ఆ తర్వాత ఆయన నా వైపు చూడలేదు.

పడవ ఓడను చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. సరంగు నిలువునా తడిసిపోయి మెట్లెక్కాడు. తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"కనబడలేదమ్మా. రాళ్ల వెనక కూడా చూశాం. పేరు తెలీదు, మీరు చెల్లి చెల్లి అంటారని డాక్టరుగారు చెప్పారు. చెల్లీ అనే పిలిచాం. ఇంకాస్త వెతుకుదామనుకుంటుంటే వచ్చేయమన్నారు. వదిలేసి వచ్చేశాం, నన్ను క్షమించండి."

బతికున్న మనిషిని ఆ చలిలో వదిలేసి వచ్చాననుకుంటున్నాడు. ఆ పాపం మోస్తూ నా ముందు నిలబడ్డాడు. ఇంకొక్క నిమిషం కూడా అతన్ని అలా ఉంచడానికి నాకు హక్కు లేదు. అతని తడి చేతులు రెండూ పట్టుకున్నాను.

"మీరెవర్నీ వదిలేసి రాలేదు నాయనా. అది అక్కడ లేదు. మా చెల్లి చచ్చిపోయింది. ఓడెక్కకముందే చచ్చిపోయింది."

చెప్పేశాను. చెప్పాక ఇక ఆగలేదు. ముక్కూ నోరూ ఏకమై, అంతమంది ముందు, మేజోళ్లతో నిలబడి, చిన్నపిల్లలా బావురుమన్నాను. అతనికి కోపం రావాలి, నాలుగు మాటలు అనాలి. అతనేమో పక్కనున్న బెంచీ మీద కూలబడి తల పట్టుకున్నాడు.

నా ఏడుపు కాస్త తగ్గేదాకా గైడు ఆగింది. ఓడ బయల్దేరాలి, ఆ బిళ్ల తిప్పేస్తారా అని మెల్లగా అడిగింది. తిప్పలేదు. కొక్కెం నుంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఇంజన్లు మొదలయ్యాయి. సరంగు ఇంకా దీవి వైపే చూస్తున్నాడు. వెళ్లి అతని పక్కన కూర్చున్నాను.