పేటలంక గద్దల ఈల

ఎనభయ్యారులో గోదారికి పెద్ద వరద వచ్చిన ఏడు నేను అబ్బులు మెడలోకి వచ్చాను. నేను ఒక ఈలను. ఇత్తడి ఈలను. ఎక్కడో ఒక మిషను నన్ను ఒక్క దెబ్బకి వంచి, కడుపులో బెండు గుండు వేసి, పైన తెల్ల పూత పూసింది. పూత ఎప్పుడో పోయింది. గుండు ఉంది.

అబ్బులు మూడో తరగతి దాకా చదివాడు. మాట తక్కువ. భార్య సూరమ్మ "కూరెయ్యనా?" అంటే తలూపుతాడు, "ఉప్పు సరిపోయిందా?" అన్నా అలాగే తలూపుతాడు. నేను దొరికాక ఆ ఊపడం కూడా తగ్గింది. చెప్పాల్సింది నాచేత చెప్పించేవాడు.

పేటలంక సముద్రం ఒడ్డు ఊరు. వరద తీసినా ఇళ్ళు ఆరలేదు, జనం ఇంకా బడిలోనే ఉన్నారు. పొద్దుపోవాలి గదా, కబాడీ పందేలు పెట్టారు. అబ్బులు అంపైరు. ఫైనల్లో ఆఖరి కూతకి నూకరాజు వెళ్ళాడు. అబ్బులుతో ఒకే బల్ల మీద మూడు తరగతులూ కూర్చున్నవాడు. ఒక్కణ్ణి తాకి వచ్చేస్తే షీల్డు వాళ్ళదే. తాకాడు. తిరిగొస్తూ బరి పక్క గీత దగ్గర బురదలో జారాడు. కాలు గీత దాటిందని అబ్బులు నన్ను ఊదేశాడు. అవుట్.

ఊదాక చూశాడు. సున్నం గీత చెక్కు చెదరలేదు. నూకరాజు కాలిముద్ర గీతకి బెత్తెడు లోపలే ఉంది.

అప్పుడు అబ్బులు ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ వెళ్ళి, ఆ ముద్ర మీదా గీత మీదా కాలు పెట్టి ఒక్క రాపు రాసేశాడు. నూకరాజు రొప్పుకుంటూ వచ్చాడు.

"ఒరే అబ్బులూ, గీత చూపించరా."

చూపించడానికి గీత లేదు.

"విజిలేశాను," అన్నాడు అబ్బులు. అంతే.

షీల్డు పోయింది, నేస్తం పోయాడు. నూకరాజు బస్సులు ఆగే చోట సైకిలు కొట్టు పెట్టాడు. పేటలంకలో పంచరు వేసేది అతనొక్కడే. అబ్బులు సైకిలుకి పంచరు పడితే ఆ కొట్టు ముందు ఆగకుండా, తల దించుకుని, పక్క ఊరికి తోసుకుంటూ పోయేవాడు. మూడు మైళ్ళు. ఎవరైనా అడిగితే "అక్కడ పని గట్టిగా ఉంటది" అనేవాడు. ముప్ఫై ఆరేళ్ళు తోశాడు. "ఆ తోసిందేదో కాశీ దాకా తోసుంటే పుణ్యమన్నా వచ్చును," అనేది సూరమ్మ.

మనుషులు చిత్రమైనవాళ్ళు. మూడు ముక్కలు చెప్పడం కంటే మూడు మైళ్ళు తోయడం తేలికనుకుంటారు. పైగా ఊళ్ళో ఆయనకెంత పేరనుకున్నారు! 'అబ్బులు విజిలేస్తే బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు' అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన చెయ్యి నామీదికి వచ్చి గట్టిగా బిగుసుకునేది.

ఇక జట్టు సంగతి. ఐసు ఫ్యాక్టరీ బుల్లెబ్బాయి గారికి ఒక ఆటల జట్టు ఉండాలని కోరిక. "క్రికెట్టు జట్టు మనం కొనలేమండీ. ఈ పళ్ళెం ఆటైతే ఇంకా ఎవరూ కొనలేదండీ," అన్నారు. దాన్ని ఫ్రిస్బీ అంటారు. ఒక్కో పక్క ఏడుగురు, ఆడా మగా కలిసి. పళ్ళెం చేతిలో ఉన్నవాడు పరిగెత్తకూడదు, ఇంకొకరికి విసరాలి. కింద పడితే అవతలి వాళ్ళది. అవతలి చివర గీసిన గడిలో పట్టుకుంటే పాయింటు. వలలు లాగే ఇళ్ళ పిల్లల్ని పోగు చేశారు, బెంగుళూరు నుంచి కోచ్ మేడాన్ని తెచ్చారు. "గద్దకి చూపెక్కువ" అని పేటలంక గద్దలు అని పేరు పెట్టారు. చొక్కాల మీద గద్ద బొమ్మ వేయించారు. వేసినవాడు గద్దను ఎప్పుడూ దగ్గరగా చూసినట్టు లేదు. కోడిపెట్ట వచ్చింది.

అంపైరుగా అబ్బుల్ని జీతానికి కుదిర్చారు. మొదటి రోజు నన్ను చింతపండుతో తోమి తీసుకెళ్ళాడు.

"ఈ ఆటలో అంపైరు ఉండరండీ. తప్పు చేసినవాళ్ళే చెప్పుకుంటారు," అంది కోచ్ మేడం.

బుల్లెబ్బాయి గారు నవ్వారు. ఆవిడ నవ్వకపోయేసరికి ఆపేశారు. "నిజంగానేనా అండీ? మరి ఓడిపోతే తిట్టేది ఎవర్నండీ?"

దేశం మొత్తం మీద ఈల అక్కర్లేని ఆట ఒక్కటుంటే, వెతికి వెతికి దానికి నన్ను కుదిర్చారు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేక అబ్బుల్ని ఉండమన్నారు. కుక్కలు పళ్ళెం ఎత్తుకుపోకుండా కాయడం ఆయన పని. రెండేళ్ళు నేను కుక్కల మీదే మోగాను. అవి కూడా కొన్నాళ్ళకి లెక్కచెయ్యడం మానేశాయి.

గద్దలు మొదటి ఏడు అన్ని ఆటలూ ఓడిపోయాయి. పదకొండు పళ్ళేలు సముద్రం తీసుకుంది. రెండో ఏడు ఒక ఆట గెలిచారు, అవతలి జట్టు వ్యాను దారిలో చెడిపోబట్టి. మూడో ఏడు నాలుగు ఊళ్ళ యజమానులు కలిసి లీగు పెట్టారు, ఆటగాళ్ళకి నెల జీతాలిచ్చారు. అలా మన గద్దలు ప్రొఫెషనల్ జట్టయింది. జీతాలు వచ్చిన నెల్లోనే ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం పోయింది. అంపైర్లు కావాల్సిందే అన్నారు. నాకు పని దొరికింది.

అయితే పాత పద్ధతి ఒకటి మిగిల్చారు. అంపైరు నీకు లాభంగా విజిలేసినా, అది తప్పని నీకు తెలిస్తే నువ్వే చెప్పి మార్పించవచ్చు.

"నేను విజిలేశాకా?" అన్నాడు అబ్బులు.

"అవునండీ," అంది కోచ్ మేడం.

"ఎవడు చెప్పుకుంటాడు," అన్నాడు. ఆ నెల మొత్తానికి ఆయన అన్న పెద్ద మాట అదే.

ఆ ఏడు గద్దలు ఎగిరాయి. ఎగరేసింది గంగాభవాని. వలలు లాగే పోలయ్య కూతురు. తడి ఇసక మీద ఆ పిల్ల పరిగెడితే అడుగులు కూడా తేలిగ్గా పడేవి. ఫైనలు యానాం వాళ్ళతో, మన ఊళ్ళోనే. "గెలిస్తే వచ్చే ఏడూ జీతాలు. ఓడితే జట్టు ఎత్తేస్తాను, ఐసు కరిగినట్టు కరుగుతున్నానండీ," అని బుల్లెబ్బాయి గారు ముందే చెప్పారు.

యానాం జనం పడవల్లో వచ్చారు. "ఓయ్ పేటలంక పెట్టలూ, పొద్దుపోతంది, గంప కిందకి దూరండి!" అని ఒకటే గోల. ఆట సమానంగా వచ్చింది. ఇంకొక్క పాయింటు ఎవరిదైతే గెలుపు వాళ్ళది. పళ్ళెం గడి మీదికి లేచింది, గాలి దాన్ని కిందికి తోసింది. గంగాభవాని బోర్లా దూకింది. ఇసక లేచింది. ఇసక తగ్గేసరికి పళ్ళెం ఆ పిల్ల చేతిలో ఉంది. అబ్బులు నన్ను ఊదాడు. పాయింటు!

టపాకాయలు పేలాయి. బుల్లెబ్బాయి గారు ఎవరినో వాటేసుకున్నారు, చూస్తే యానాం కోచ్.

గంగాభవాని మాత్రం లేవలేదు.

"లేదు తాతా," అంది. "ఇసక తగిలాకే నా చేతికొచ్చింది."

"ఏంటే ఇది, నీకేమన్నా పిచ్చా?" అన్నారు జట్టు వాళ్ళు.

"ఇసకలో గుర్తుంది గదా. చూడండి."

ఇసక మీద చిన్న గుర్తు. గోటితో గిల్లినట్టు, నెలవంకలాగా. కాలితో ఒక్క రాపు రాస్తే పోతుంది. ఆ పిల్ల కాలు దాని పక్కనే ఉంది. రాయలేదు. పైగా జనం మీద పడుతుంటే, ఎవరూ తొక్కకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకు కూర్చుంది.

అబ్బులు వంగి చూశాడు. అంతసేపు ఆయన దేన్నీ చూడగా నేను చూడలేదు. మెడలోంచి నేను కిందికి వేలాడి, ఆ గుర్తు మీద అటూ ఇటూ ఊగాను.

"గుర్తుంది," అన్నాడు. "పాయింటు కాదు."

బ్రహ్మదేవుడు మార్చలేనిది పోలయ్య కూతురు మార్చింది. పళ్ళెం యానాం వాళ్ళకి పోయింది. మూడు విసుర్లలో ఆట ముగించారు. యానాం జనం మాత్రం ఆ తర్వాత మన వాళ్ళను ఒక్కసారి కూడా పెట్టలు అనలేదు.

"ఏమ్మా, నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది? జీతమే నిలబడేది గదా!" అన్నారు బుల్లెబ్బాయి గారు.

"గద్దకి చూపెక్కువని మీరే అన్నారు గదండీ," అంది గంగాభవాని. అని ఏడ్చింది. జీతం ఆ ఇంటికి అక్కరే.

ఆ సాయంత్రమే జట్టు అయిపోయింది. పంచడానికి పళ్ళేలే మిగిలాయి, తలా ఒకటి ఇచ్చారు. ఇప్పటికీ పేటలంకలో చేపల కూర గిన్నెల మీద మూతలు అవే. పేటలంక గద్దల చరిత్ర అంత.

ఆ రాత్రి అబ్బులు అన్నం సగం వదిలేశాడు.

మరునాడు పొద్దున్నే లేచి, సైకిలు వెనక చక్రానికి గాలి మొత్తం తీసేశాడు. నన్ను మెడలో వేసుకుని తోసుకుంటూ బయల్దేరాడు.

"పంచరా? పక్క ఊరికేనా?" అంది సూరమ్మ.

అడ్డంగా తలూపాడు. సూరమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

నూకరాజు కొట్టు అప్పుడే తీశాడు. అబ్బుల్ని చూశాడు, సైకిల్ని చూశాడు. ట్యూబు లాగి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి నెమ్మదిగా తిప్పాడు. చుట్టూరా తిప్పాడు. ఒక్క బుడగ రాలేదు.

"పంచరు లేదు," అన్నాడు. "గాలెవడో తీశాడు."

"నేనే," అన్నాడు అబ్బులు. "ఆ యేడు గీత చెరిపింది కూడా నేనేరా," అన్నాడు.

నూకరాజు ట్యూబు తుడుస్తూనే ఉన్నాడు.

"తెలుసు. నీ అరికాలికి సున్నం అంటింది గదా. నువ్వు ఇంటికి పోయిందాకా చూస్తానే ఉన్నాను."

"మరి అడగలేదేం?"

"అడిగాను గదరా. విజిలేశానన్నావు."

అబ్బులు నన్ను మెడలోంచి తీసి, పాత ట్యూబులు వేలాడే మేకుకి తగిలించాడు. ఇప్పుడు నేను అక్కడే ఉన్నాను. నూకరాజు టైరు ఎక్కించి పంపు అతని ముందుకి తోశాడు.

"కొట్టుకో. తీసినవాడివి నువ్వే గదా."

అబ్బులు పంచె ఎగ్గట్టి, పంపు మీద కాలు పెట్టి, గాలి కొట్టుకున్నాడు.