కుంకుమ మింగిన ల్యాప్‌టాప్

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. వయసు పదకొండేళ్లు, మా జాతిలో అది షష్టిపూర్తి దాటిన వయసు. అనకాపల్లిలో, ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే పతంజలి గారింట కాలు పెట్టాను. నాకు కాళ్లు లేవనుకోండి, మాటవరసకి.

మొదట్లో మర్యాదే మర్యాద. మీద లేసుగుడ్డ కప్పారు. ఏటా దసరా ఆయుధపూజకి స్కూటర్ పక్కన కూర్చోబెట్టారు. పతంజలి గారిది నిండు భక్తి. మూత మీద ఒక్క బొట్టు ఆయనకి ఆనదు. పెన్‌డ్రైవ్ పెట్టే కన్నాలతో సహా అన్నిటికీ గంధం, కుంకుమ దట్టించేవారు.

తర్వాత ముసలితనం వచ్చింది. నన్ను ఆన్ చేసి కందిపప్పు పొయ్యి మీద పెడితే పప్పే ముందు ఉడికేది. ఒక ఆదివారం పొద్దున నా మీద తీర్పు వెలువడింది.

"పదకొండింటికి పాతసామాన్ల సింహాద్రి వస్తాడు. దీనికి ప్లాస్టిక్ టబ్బు ఇస్తానన్నాడు."

"అందాకా నాకొదిలెయ్యండి," అంది ఆయన భార్య సువర్చల. "లినక్స్ మింట్ అని తేలికపాటి సిస్టముందిట. పాతవాటికి బాగా పడుతుందిట. ఊరికే ఇస్తారు."

"మింట్ అంటే పుదీనా కదే? పచ్చడి చెయ్యి, తింటాం."

ఆవిడ అప్పటికే ఎదురింటి కంప్యూటర్లో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చింది. నాలోని ఫొటోలు ఎప్పుడో వేరేచోట దాచింది. పెన్‌డ్రైవ్ గుచ్చింది. అది దిగదే! రెండో కన్నం, మూడో కన్నం, అన్నిటిదీ అదే వరస. ఇంతలో వీధి చివర కేక: "పాత ఇనప సామాన్లోయ్!" నా ఫ్యాను దడదడా కొట్టుకుంది.

సువర్చల టార్చి వేసి లోపలికి చూసింది. అంతా ఎర్రగా ఉంది. భర్త వైపు చూసింది. ఆయన క్యాలెండర్ వైపు చూశారు.

నన్ను ఆపేసి, బ్యాటరీ ఊడదీసి, పూజగదిలో అగరుబత్తి కాలగా మిగిలిన పుల్ల తెచ్చి కన్నాల్లో గీకింది. అన్ని దసరాల గంధమూ పెళ్లలు పెళ్లలుగా రాలింది.

"ఏటమ్మా, ఇచ్చీయండి మరి, ఎండ మాడిపోతంది," సింహాద్రి గేటు కొట్టాడు.

"టీ తాగి వెళ్దువుగాని, కూర్చో నాయనా."

ఈసారి పెన్‌డ్రైవ్ కూర్చుంది! బ్యాటరీ తగిలించి ఆన్ చేస్తే, తెర మీద పచ్చగా వెలుగు. చీర కట్టి చూసుకున్నాకే కొనుక్కోమన్నట్టు, కొత్త సిస్టం ముందు అన్నీ నడిపి చూపించింది. ఆ తర్వాతే, పాతదంతా చెరిపెయ్యనా అని అడిగింది. సువర్చల 'సరే' నొక్కింది. సింహాద్రి రెండో టీ తాగాడు. పతంజలి గారు క్యాలెండర్ వదిలి, ఆవిడ భుజం మీంచి తొంగిచూశారు.

ఈ కంప్యూటర్‌కి పేరేమిటని కొత్త సిస్టం అడిగితే, ఆవిడ నవ్వకుండా 'టబ్బు' అని కొట్టింది.

మళ్లీ ఆన్ చేసింది. నీళ్లు కాగే లోపే లేచి కూర్చున్నాను!

"బాగుందమ్మా," అన్నాడు సింహాద్రి. "మరి నా టబ్బో?"

"నీది నువ్వు తీసుకుపో. మాకు ఇంట్లో ఉంది."

మొన్న దసరాకి పతంజలి గారు గంధం గిన్నెతో నా దగ్గరికొచ్చారు. సువర్చల టార్చి వెలిగించి పక్కన నిలబడింది, అంతే. నా మూత మీద ఒక్క బొట్టు పడింది.

మిగిలిన గంధమంతా మిక్సీకి దక్కింది. పాపం, దానికింకా తెలీదు.