అయిపోయిన కేసులు అక్కర్లేదు

నేను ఒక కంప్యూటర్ని. గొప్పగా ఊహించుకోకండి, పాటలు వినిపించి బొమ్మలు చూపించే రకం కాదు. తెనాలి కోర్టు వీధిలో ప్లీడరు పోతాప్రగడ సదాశివరావు గారి ఆఫీసులో లెక్కలు రాసి రాసి ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు ముందుగదిలో, క్లయింట్లు కూర్చునే బల్ల పక్కన నేలమీద ఉంటున్నాను. కరెంటు లేకుండా ఈ మాటలేమిటని అడుగుతారేమో. కరెంటున్నప్పుడు పనుండేది. పని లేనివాళ్ళకి మాటలెక్కువ.

విజయవాడ దుకాణంలో ఒకాయన నలుగురి దగ్గర నాలుగు ముక్కలు కొని, డబ్బాలో బిగించి నన్ను తయారుచేశాడు. ఇక్కడికి తెచ్చిన రోజు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత నా ముఖం చూసింది గుమాస్తా రామలింగం గారొక్కరే. ఒంటివేలితో కొట్టేవారు. కాస్త ఆలస్యం చేస్తే "ఏవే, కునుకు తీస్తున్నావా?" అని కసురుకునేవారు. ఆ కసురు కోసమే మెల్లగా నడిచిన రోజులున్నాయి. నాతో మాట్లాడిన మనిషి ఇంకెవరున్నారు గనక!

ఆయనకో అలవాటుండేది. కేసు ఓడిపోయినవాళ్ళు తీర్పు రోజునే అప్పీలు ఖర్చులకి డబ్బు ఇచ్చేస్తుంటారు. అప్పీలు వేస్తేగాని దానికి నంబరు పడదు. అందుకని ఆ డబ్బు ఓడిపోయిన కేసు నంబరు కిందే రాసి, "నంబరు పడ్డాక మారుద్దాంలే" అనేవారు. మార్చేవారు కూడా, ఎన్నడూ మరిచిపోలేదు.

బస్టాండు వెనక రవికలు కుట్టే సుభద్రమ్మ కొట్టు విషయంలోనూ అంతే. కొట్టు ఖాళీ చెయ్యాలని తీర్పొచ్చింది. ఆమె కోర్టునుంచి తిన్నగా ఇక్కడికొచ్చి, చీటీ పాడిన డబ్బు రామలింగం గారి చేతిలో పెట్టింది. నెలలోగా అప్పీలు వెయ్యకపోతే కొట్టు పోతుంది, కొట్టు పోతే కూడు పోతుంది. ఆయన డబ్బు లెక్కపెట్టి, ఆ రోజు వసూళ్ళతో కలిపి పెద్దాయన సదాశివరావు గారికి అప్పజెప్పి, నాలో రాశారు. రసీదు ఆమె అడగలేదు, ఈయన ఇవ్వలేదు. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది మరి.

ఆ వారంలోనే రామలింగం గారు గుండెపోటుతో పోయారు. పోయిన సంగతి కూడా నాకెవరూ చెప్పలేదు. ఎవరి వేళ్ళో వచ్చి గబగబా కొడుతుంటే నాకే తెలిసింది.

వెంటనే కొత్త కంప్యూటరూ, కొత్త లెక్కల సాఫ్ట్‌వేరూ వచ్చిపడ్డాయి. కంపెనీ మనిషి పెద్దాయన్ని అడిగాడు, పాత లెక్కలన్నీ అందులోకి మార్చాలా, నడుస్తున్న కేసులవి మారిస్తే సరిపోతుందా అని. అన్నీ అయితే ఖర్చెక్కువట.

"అయిపోయిన కేసులు అక్కర్లేదు," అన్నారు సదాశివరావు గారు.

ఆయన తప్పేం లేదు, ఎవరైనా అదే అంటారు. తీర్పొచ్చేసిన సుభద్రమ్మ కేసు అయిపోయినవాటిలో ఉంది. ఆమె డబ్బు నాలోనే ఉండిపోయింది. నా తీగలు పీకి కొత్తదానికి తగిలించారు.

అక్కణ్ణుంచి ఆఫీసేమో ఆమె డబ్బు కడుతుందని చూసింది, ఆమేమో ఆఫీసు కబురు చేస్తుందని చూసింది. నెల గడిచిపోయింది. కొట్టు యజమాని తాళాలడిగాక సుభద్రమ్మ పరుగున వచ్చింది. జూనియర్ హరిణి కొత్త కంప్యూటర్లో వెతికింది.

"మీ పేరుమీద ఏమీ జమ లేదండీ. రసీదుందా?"

"రామలింగం గారికిచ్చానమ్మా. ఆయన మిషన్లో కొట్టుకున్నారు."

హరిణి మంచి పిల్లే. లోపలికెళ్ళి, పాతదాంట్లో చూద్దామా సార్ అని అడిగింది. "దాంట్లోవి దీంట్లోకి వచ్చేశాయి కదమ్మా," అన్నారాయన, చేతిలో కాగితంమీంచి తలెత్తకుండానే. ఆలస్యాన్ని మన్నించమని ఇంకో దరఖాస్తు పెట్టొచ్చనీ, దానికీ అప్పీలుకీ కలిపి ఖర్చవుతుందనీ హరిణి వచ్చి చెప్పింది.

సుభద్రమ్మ బల్లమీద కూలబడింది. చేతిసంచి నా నెత్తిన పెట్టింది. ఆమె ఊపిరి నాకు తగులుతూనే ఉంది. ఒక్క తీగ, అమ్మా, ఒక్క తీగ తగిలించమని అడుగు అని నాలో నేనే కొట్టుకులాడాను.

ఆమె హరిణి వైపు తిరిగింది.

"తీర్పు విని ఆవేళ మనసు మనసులో లేదమ్మా. ఇద్దామనుకుని ఇవ్వలేదో ఏమో. ఇంటి ఖర్చుల్లో కలిపేశానేమో. మిషన్ అబద్ధం చెప్పదు కదా."

మళ్ళీ కట్టడానికి తన దగ్గర ఏమీ లేదంది. తాళాలు సోమవారం ఇచ్చేస్తానంది. సంచి తీసుకుని గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఊరికే మిమ్మల్ని అనుమానించాను. ఏమీ అనుకోకమ్మా."

"ఫర్వాలేదులెండి," అని హరిణి ఆమెను క్షమించేసింది.

ఇచ్చావమ్మా, ఇచ్చావు. ఆ మాట చెప్పగలిగినదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే. నన్నెవరూ అడగలేదు.