మాటకు కట్టిన అంటు

తమ్ముడి చెయ్యి పడితే అంటు బతికి తీరుతుందని చుట్టుపక్కల తోటల వాళ్ళందరూ ఒప్పుకుంటారు. నాటు మొక్కను జానెడు ఎత్తులో కోసి, నడిమికి చీల్చి, మంచి జాతి కొమ్మను పలచగా చెక్కి ఆ చీలికలో దింపి పట్టీ చుట్టేస్తాడు. అప్పటికి పక్కవాడు ఇంకా కత్తి తుడుచుకుంటూనే ఉంటాడు. నూటికి తొంభైకి పైగా చిగురేస్తాయి.

నోరు మాత్రం అలా కాదు. పుట్టు నత్తి. ఏ మాటైనా మొదటి అక్షరం దగ్గరే మొరాయిస్తుంది. అన్న నడిపే మొక్కల తోటలో కూలికొచ్చే ఆడవాళ్ళు అతనికి బ్రేకు అని పేరు పెట్టుకున్నారు.

ఆ బ్రేకు తీసేవాడు అన్న. బడిలో, కొట్లో, బస్సులో తమ్ముడు మొదటి అక్షరం అంటే చాలు, మిగతాది అన్న అనేవాడు. "మొదలు బ్రేకుగారిది, పైకొమ్మ వాళ్ళన్నయ్యది. ఈ అంటు మాత్రం ఎండదమ్మా" అని ఆడవాళ్ళు నవ్వేవారు. తమ్ముడూ నవ్వేవాడు. 'నీ' అంటే నీళ్ళా, నీడా, నీరసమా అన్నది ముఖం చూసే పట్టేసేవాడు అన్న. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

పెద్దతోట నుంచి కబురొచ్చింది. అక్కడే ఉండి అంట్లు కట్టడానికీ, ఆరుగురు ఆడవాళ్ళకు ఆ పని చూపించడానికీ ఒక మనిషి కావాలట. చేత్తో చూపిస్తే చాలు, నోటితో పని లేదన్నారట. తమ్ముడు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు చాటున "చేరతాను, చేరతాను" అని పదిసార్లు అనుకున్నాడు. ఎవరూ లేని చోట ఆ మాట ఎక్కడా తగలకుండా జారిపోయింది.

అన్న వెంట వచ్చాడు. "నేను లేకపోతే నువ్వేం మాట్లాడతావురా" అన్నాడు. తమ్ముడికి అదీ నిజమే అనిపించింది.

పెద్దతోట ఆఫీసుది రేకుల కప్పు. బల్ల మీద మట్టి నమూనాల సంచులు, వాటి మధ్య ఒక పెన్ను. మేనేజరమ్మ ఎదురు కుర్చీలు చూపించి, నేరుగా తమ్ముడితోనే మాట్లాడింది.

"మీరు కట్టిన అంట్లు చూశాను. మావాళ్ళు కట్టినవి సగం ఎండిపోతున్నాయి. వచ్చి చేరతారా మరి?"

"చే... చే... చే..."

అన్న గొంతు సవరించుకున్నాడు. "చేరలేనంటున్నాడండీ."

మన మాటల్లో అవునన్నదీ కాదన్నదీ తోకలోనే ఉంటుంది. మొదలు ఒకటే. తమ్ముడు చప్పున అన్న వైపు తిరిగాడు. తప్పు విన్నాడేమో అనుకున్నాడు.

"కా... కా..."

"కారణం ఏంటంటే మా అమ్మండీ. పెద్దావిడ. ఆమెను వదిలి రావడం వీడి వల్ల కాదు."

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. మెడ పట్టేసేంత గట్టిగా ఊపాడు.

"సరే లెండి, అంతలా వద్దంటుంటే బలవంతం దేనికి" అంది మేనేజరమ్మ. "సాయంత్రం ఐదింటికి పేరు రాసి పైకి పంపాలి. అప్పటిదాకా ఆగుతాను. మనసు మారితే రండి."

తమ్ముడు పెన్ను కోసం చెయ్యి చాచాడు. అప్పటికే అన్న లేచి, అతని చంక కింద చెయ్యేసి లేపుతున్నాడు. "వస్తామండీ, మీ పని పాడుచేశాం" అన్నాడు ఎంతో మర్యాదగా.

దారిలో మోపెడ్ నడుపుతూ, వెనక్కి తిరగకుండా మాట్లాడాడు.

"కోపమొచ్చిందా? ఆరుగురు ఆడవాళ్ళ ముందు నువ్వు నోరు తెరిస్తే నవ్వి చంపుతార్రా. నేను చూడలేను." ఒక గుంత తప్పించాడు. "మన తోటలో రెండు వేల మొక్కలున్నాయి. ఎవరు కడతారు? నా చేతికి ఆ పని రాదని నీకు తెలీదూ? పోయినేడు కబురొస్తే నేనే వద్దని పంపించేశాను. ఈసారి నిన్ను వెంటబెట్టుకు వెళ్ళానా లేదా? అదీ చూడు మరి."

తమ్ముడు సీటు కింది ఇనుప కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. పోయినేడు కబురొచ్చిన సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది. ఊళ్ళో వాళ్ళు అతని మాట తప్పు వింటారు. తెలియక వింటారు, దానికి ఎవరినీ తప్పుపట్టలేదు అతను. అన్నకు తెలియనిది ఏముంది? చేరతానన్న మాట మొదటి 'చే' దగ్గరే అన్నకు వినపడి ఉంటుంది. విని, దాని పైకొమ్మ కోసి ఇంకోటి కట్టాడు.

ఇంటి గుమ్మంలో అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమెకు చెవులు మందగించి చాలా కాలమైంది. ఎవరేమన్నా పెద్దకొడుకు ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాల్సిందే. బండి దిగుతూనే వెళ్ళి చెప్పాడు.

"చిన్నోడు వద్దన్నాడమ్మా. నిన్ను వదిలి ఉండలేనన్నాడు."

అమ్మ ముఖం వెలిగిపోయింది. చిన్నకొడుకు చెంప మీద చెయ్యి వేసింది. "నాకు తెలుసు నాయనా. నువ్వు నన్నొదిలి ఎక్కడికి పోతావు."

తమ్ముడు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కా... కా... కాదమ్మా. నే... నేను... చే... చే..." కళ్ళు మూసుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. "చేరతానన్నాను."

పూర్తిగా అన్నాడు. తోకతో సహా అన్నాడు. అమ్మ అతని పెదాల వైపే చూస్తూ, నవ్వు చెదరకుండా, తల పెద్దకొడుకు వైపు తిప్పింది.

"ఏమంటున్నాడురా పెద్దోడా?"

అన్న క్షణం తటపటాయించాడు. తర్వాత వంగాడు.

"అన్నం పెట్టమంటున్నాడమ్మా."

"అయ్యో నా తండ్రీ, ఆకలేస్తుంటే ముందే చెప్పొద్దూ" అంటూ ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచింది.

తమ్ముడు లోపలికి వెళ్ళాడు. రెండు చొక్కాలు సంచిలో కుక్కాడు. పెరట్లో పని బల్ల మీది కత్తి తీసుకుని, గుడ్డ చుట్టి జేబులో పెట్టుకున్నాడు. గోడ గడియారంలో మూడున్నర దాటింది. నడిస్తే పెద్దతోటకు గంటకు పైనే.

గుమ్మం దగ్గర అన్న అడ్డం నిలబడ్డాడు. "ఎక్కడికిరా? అమ్మ పెట్టాక తిని మాట్లాడుకుందాం. ఏదన్నా అను. అనరా."

తమ్ముడు నోరు తెరవలేదు. ఈసారి అన్నకు మొదటి అక్షరం కూడా ఇవ్వలేదు. పక్కనుంచి తప్పుకుని వీధిలోకి దిగాడు.

మలుపు తిరుగుతుండగా వెనక నుంచి అమ్మ ఏదో అడగడం, అన్న ఆమె చెవిలో కేకేసి చెప్పడం వినిపించాయి.

"పట్టీలు అయిపోయాయమ్మా, కొట్టుకెళ్ళాడు. చీకటి పడేలోపు వచ్చేస్తాడు."

వీధంతా వినపడేలా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు.