నలుపెక్కిన తెల్ల మేజోడు

ఆ సోమవారం పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా బరువుగా వేలాడుతోంది. ఇప్పుడో ఇంకాసేపటికో కారేటట్టు ఉంది గాని కారడం లేదు. దాని కింద, పేట బస్టాండు గోడ పక్కన, ఒక తీగకు క్లిప్పు పెట్టి నన్నూ నా జంటనూ వేలాడదీశారు.

నేను ఒక మేజోడును. పుస్తకాల్లో అలా రాస్తారు. బజార్లో సాక్సు అంటారు. కుడికాలిదాన్ని. పుట్టినప్పుడు మాకు కుడీ ఎడమా లేదు. తొడిగిన కాలే ఆ పేరు పెడుతుంది.

పుట్టింది తిరుప్పూరులో. గుండ్రంగా తిరిగే మిషను నన్ను గడగడా అల్లి కింద పడేసింది. వేళ్ళ దగ్గర నోరు తెరుచుకుని ఉంటే ఒక ఆడమనిషి కుట్టింది. ఆమె ముఖం చూడలేదు, వేళ్ళు మాత్రం గుర్తున్నాయి. అక్కడినుంచి కట్టలో, కట్ట లారీలో, లారీ పేటకు. తీగ మీద నా పక్కన నల్లవి ఎన్నో వచ్చాయి, పోయాయి. నేను మాత్రం అక్కడే ఉన్నాను. తెల్లవి తొందరగా మాస్తాయని మనుషులకు భయం. మాసిన సంగతి కనపడకపోతే చాలు, శుభ్రంగానే ఉన్నామనుకుంటారు.

ఆ పొద్దున ఇద్దరు వచ్చారు. మగమనిషికి యాభై దాటాయి. నీలం చొక్కా, జేబు మీద మిల్లు పేరు. సైకిలు గోడకు ఆనించి, కుడికాలి ప్యాంటు అంచును బూటు పైన ఉన్న పాత సాక్సులోంచి బయటికి లాగి దులుపుకున్నాడు. చైనుకు తగలకుండా అలా దోపుకోవడం అతని అలవాటు. పేరు కాశింపీరా. పేటకు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న స్పిన్నింగు మిల్లులో గేటు కాపలా. పక్కన భార్య దరియాబీ. దూదేకులవాళ్ళు. ఆమె తండ్రి ఊరూరా తిరిగి పత్తి ఏకి పరుపులు కుట్టేవాడట. ఏకే ముందు ఆ పత్తిలో నలకలు ఏరే పని చిన్నప్పుడు ఆమెది.

"వందకి మూడు జతలు మావా, తీసుకో. మెత్తగా ఉంటయ్," అన్నాడు అమ్మేవాడు, నల్ల నైలాన్‌వి చూపించి.

కాశింపీరా జేబులో చెయ్యి పెట్టాడు. దరియాబీ ఆ చేతిని ఆపింది. నల్లదాని అంచునుంచి ఒక పోగు లాగింది.

"అగ్గిపెట్టె ఉందా అబ్బాయ్?"

"ఎందుకు పెద్దమ్మా?"

"బీడీ తాగుదామని," అంది. నవ్వలేదు.

పుల్ల గీసి పోగు అంటించింది. అది ముడుచుకుని, కరిగి, ఆవగింజంత నల్లగుండై గట్టిపడింది. దాన్ని గోటితో నొక్కి అతనికి చూపించింది. "ఇది బట్ట కాదు, ప్లాస్టిక్కు. చెమట పీల్చదు. కాలు ఉడికిద్ది."

తర్వాత నా దగ్గరికి వచ్చింది. నా అంచునుంచి ఒక పోగు లాగింది. అది కాగితంలా భగ్గున మండి, వేళ్ళ మధ్య బూడిదై రాలిపోయింది. ఆమె ఆ బూడిదను నలిపి వాసన చూసింది.

"ఇయ్యి తీసుకో."

"దుకాణం తగలబెట్టకుండా వదిలేశావ్, సంతోషం," అన్నాడు అమ్మేవాడు.

కాశింపీరా గొంతు తగ్గించాడు. "తెల్లయ్యా? గేటు కాడ నల్లయ్యే ఉండాల దరియా. ఆఫీసరు ప్యాంటు ఎత్తించి మరీ చూస్తాడు."

"ఆస్పత్రిలో నర్సమ్మ ఏం చెప్పింది? నూలుదై ఉండాల, పైన పట్టీ బిగుసుకోకూడదు, తెల్లదై ఉండాల. ఎందుకు తెల్లదో గూడా చెప్పింది. గుర్తుందా?"

అతను తన ఎడమకాలి వైపు చూసుకున్నాడు. ఆ బూటులో నాలుగు వేళ్ళే ఉన్నాయని తర్వాత నా జంట చెబితే తెలిసింది. కిందటేడు చెప్పులో మేకు లేచింది. నాలుగు రోజులు దానిమీదే నడిచాడు. సుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయింది, నొప్పి తెలియలేదు. చిటికెనవేలు తీసేశారు. "ఈసారి వేలితో ఆగదు కాశింగారూ," అని నర్సు పంపించింది. తెల్ల సాక్సు వేసుకుంటే, కాలు చెప్పని మాట నెత్తురు చెబుతుందని ఆమె లెక్క.

అలా నాకొక ఉద్యోగం దొరికింది. అతను మిల్లు గేటుకు కాపలా, నేను అతని పాదానికి కాపలా. నాకు నోరు లేదు. నా తెలుపే నా నోరు.

కొన్నాళ్ళు బాగా జరిగింది. పొద్దున్నే అతని ప్యాంటు అంచు నాలో దోపుకుని బయల్దేరేవాడు. ఎండకు, ఉక్కకు, తొక్కుడుకు వచ్చే చెమటంతా నేనే తాగేదాన్ని. సాయంత్రం ఇంటికి రాగానే దరియాబీ మమ్మల్ని తిరగేసి వెలుతురుకు పట్టి చూసేది. చూశాక కళ్ళు మూసుకునేది. రెండు వేళ్ళతో లోపలంతా తడిమేది, పత్తిలో నలక వెతికినట్టే. ఒకసారి ఇసుకరేణువు దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టి అతనికి చూపించింది. "రాయి అనుకున్నావా ఏందే," అని నవ్వాడు అతను. ఆమె దాన్ని బయట పారేసి వచ్చి చేతులు కడుక్కుంది.

మిల్లులో విశ్వనాథం అని సెక్యూరిటీ ఆఫీసరు ఉండేవాడు. చెడ్డవాడు కాదు, నియమం మనిషి. పొద్దున్నే కాపలావాళ్ళను వరసగా నిలబెట్టి, ప్యాంట్లు జానెడు ఎత్తించి చూసేవాడు.

"ఇదేమన్నా క్రికెట్టాటా కాశిం? తెల్ల సాక్సులేసుకొచ్చావ్," అన్నాడు మొదటిసారి. అందరూ నవ్వారు. రెండోసారి ఎవరూ నవ్వలేదు. మూడోసారి, "రేపు గూడా ఇవే అయితే గేటు బయటే ఉండు. లోపలికి రాబాక," అన్నాడు.

కాలి సంగతి ఒక్కమాట చెబితే సరిపోయేది. అతను చెప్పలేదు. వేలు తీసినప్పుడు జ్వరమని సెలవు పెట్టాడు. పాదాల్లో స్పర్శ లేనివాణ్ణి కాపలాకు ఎవరు ఉంచుకుంటారు? అందుకని ఆ సాయంత్రం ఇంటికి పోకుండా, పేటలో పాత చీరలకు రంగులేసేవాడి దగ్గరికి పోయాడు. నన్నూ నా జంటనూ విప్పి ఇచ్చాడు. నైలాన్‌వి కొనలేదు చూడండి, అక్కడే అతని తెలివి. నూలు నూలే, రంగు మారితే ఏమైందిలే అనుకున్నాడు. ఆమె మాట సగం నిలబెట్టాననుకున్నాడు.

మరుగుతున్న నల్లనీళ్ళలో కర్రతో నన్ను మునగనొక్కారు. తెలుపు పోవడం అంత సులభం అనుకోలేదు. ఒక్క ఉడుకు చాలింది.

దరియాబీ మమ్మల్ని చూసింది. తిరగేసి వెలుతురుకు పట్టింది.

"నూలే గదా," అన్నాడు అతను.

"నూలే. నువ్వు రంగేసింది దీనికి కాదు, నా కళ్ళకి." మమ్మల్ని అతని ఒళ్ళో పడేసింది. "ఇకనుంచి నీ సాక్సులు నువ్వే చూసుకో. నేను ముట్టుకుంటే ఒట్టు."

అన్నట్టే ముట్టుకోలేదు. అతను వచ్చి మమ్మల్ని విప్పి వసారాలో మేకుకు తగిలించేవాడు. తిరగేసేవాడు కాదు. ఆమె పళ్ళెంలో అన్నం పెట్టి, అతను తినేదాకా బయట అరుగు మీద కూర్చునేది. అతను లేచాక వచ్చి తను తినేది. అలా వారం గడిచింది.

వానలు వెనకపట్టాక ఒక బుధవారం. రోడ్డు తవ్వుతున్నారని కాలవగట్టు మీదుగా పోతున్నాం. ఎవరి చేనిగట్టుకో గండి పడి, దారిమీద మడమలోతు నీళ్ళు. కాశింపీరా దిగాడు. బూట్లు విప్పాడు, మమ్మల్ని బూట్లలో కుక్కి హ్యాండిలుకు తగిలించాడు. బూటు తడవకూడదని కాలు తడుపుకునే మనిషి. చిన్నప్పటినుంచీ అంతే. కొన్నది బూటు, కాలు ఊరికే వచ్చింది.

నీళ్ళు దాటి ఎండిన గట్టుమీద నిలబడ్డాడు. అక్కడంతా పల్లేరు పాకి ఉంది. తడికాలు నేలమీద ఆనించి, ఎత్తి, పిక్కకు తుడుచుకుని, నన్ను తొడుక్కున్నాడు.

పాదంతోపాటు అది కూడా లోపలికి వచ్చింది. పల్లేరుకాయ. వేళ్ళకు కాస్త కింద, బొద్దుగా ఉండేచోట అంటుకుని ఉంది. ఒక ముల్లు పాదం వైపు, ఒకటి నా వైపు. బూటు తొడిగి లేచి నిలబడేసరికి అతని ముల్లు అతనిలోకి, నా ముల్లు నాలోకి దిగాయి.

నాకు తెలిసింది. అతనికి తెలియలేదు. ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ సైకిలెక్కాడు.

ఇంకా ఆరు కిలోమీటర్లు. కుడి పెడలు తొక్కిన ప్రతిసారీ ముల్లు లోపలికి. మిల్లు గేటు దగ్గర దిగేసరికి నేను తడిసి ఉన్నాను. ఆఫీసరు ప్యాంటు ఎత్తించి నన్ను చూశాడు. నెత్తుటితో నానిన నన్ను చూసి, "ఆఁ, అట్టా ఉండాల," అన్నాడు.

లారీ వచ్చినప్పుడల్లా కాశింపీరా నడిచి వెళ్ళి గొలుసు దించాడు, మళ్ళీ ఎత్తాడు. ఆరోజు లారీలు ఇరవై మూడు. మిగిలిన వేళంతా నిలబడే ఉన్నాడు. సాయంత్రం మళ్ళీ పదకొండు కిలోమీటర్లు. ఇంటికొచ్చి నన్ను కింద పట్టుకుని లాగాడు. ముల్లు అతన్ని వదిలి నాలో ఉండిపోయింది. మేకుకు తగిలించి లోపలికి పోయాడు. దరియాబీ పళ్ళెం పెట్టి అరుగుమీదికి వచ్చింది. నాకూ ఆమెకూ మధ్య రెండు మూరలు. అటు తిరిగి కూర్చుంది.

రాత్రికి నేను ఆరి అట్టకట్టాను. గురువారం పొద్దున తొడుక్కుంటూ, "గట్టిగా అయినయ్యే, ఉతకాల," అని పైకే అన్నాడు. వంటింట్లో కూర తరుగుతున్న కత్తిపీట చప్పుడు ఆగింది. వస్తుందనుకున్నాను. కాసేపటికి మళ్ళీ తరగడం మొదలైంది.

పల్లేరుకాయ పాత గాయాన్నే వెతుక్కుంది. ఆరోజు నెత్తురుతోపాటు వేరే తడి కూడా వచ్చింది. కాలు నిన్నటికన్నా వేడిగా ఉంది. ఇలాంటివి నాకే తెలుస్తాయి. చెప్పే దారి మాత్రం లేదు. ఉన్న ఒక్క దారికీ నల్లరంగు పూశారు.

శుక్రవారం తెల్లవారింది. కాశింపీరా వాకిట్లో సైకిలుకు గాలి కొడుతున్నాడు. దరియాబీ వసారా ఊడుస్తూ ఆగింది. గుమ్మం పక్కనుంచి గోడమీదికి చీమల బారు ఎక్కుతోంది. చీపురుతో తుడవబోయి, చెయ్యి ఆపింది. బారు ఎటు పోతుందో చూపుతోనే వెంబడించింది. గోడ మీదుగా, మేకు దాకా, మేకునుంచి నా లోపలికి.

ఒట్టు మరిచిపోయింది. నన్ను దించి దులిపి, చెయ్యి లోపల పెట్టింది. అలవాటుగా కళ్ళు మూసుకుంది.

"అబ్బా!"

చెయ్యి తీసేసరికి చూపుడువేలి కొసన నెత్తుటిబొట్టు. రెండు రోజులు అతను మోసి కూడా ఎరగని నొప్పి ఆమెకు ఒక్క క్షణంలో తెలిసింది.

"ఏమయ్యా! ఇటు రా. కాలు చాపు."

"టైమైంది దరియా."

"చాపమన్నా!"

అరుగు మీద కూర్చుని చాపాడు. పాదం కింద అగ్గిపుల్ల తల పట్టేంత రంధ్రం. చుట్టూ తెల్లగా నాని, ఆపైన ఎర్రగా వాచి ఉంది. ఆమె పల్లేరుకాయను అరచేతిలో పెట్టి చూపించింది. అతను దాన్ని చూశాడు, కాలును చూశాడు. రంధ్రం పక్కన బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు.

"నొప్పి లేదే," అన్నాడు.

ఆ మాటకే ఆమెకు ఏడుపొచ్చింది.

ఆమెకు సైకిలు తొక్కడం రాదు. అతన్ని వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టి, కాలు నేలకు తగలకుండా చూసుకుంటూ, ఆస్పత్రి దాకా తోసుకుపోయింది. నన్ను కొంగున ముడేసుకుంది. నర్సు గాయం కోసి కడిగింది. కట్టు కట్టేదాకా ఎవరినీ తిట్టలేదు. కట్టాక మాత్రం బాగా తిట్టింది.

"పది రోజులు కాలు కింద పెట్టకూడదు. పదోరోజు విప్పి చూసి చెబుతా, పాదం ఉంటదో లేదో."

"ఉంటదిగా నర్సమ్మా?" అన్నాడు కాశింపీరా. గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది.

"పదోరోజు చెబుతానన్నా గదా."

మర్నాడు దరియాబీ ఒక్కతే బస్సులో మిల్లుకు పోయింది. గేటు దగ్గర ఆఫీసరు చేతిలో నన్ను పెట్టింది. "ఇదిగోండి సారూ, మీరడిగిన నలుపు."

అతను పట్టుకున్నాడు. అట్టలా గట్టిగా ఉన్న నన్ను వేళ్ళతో నొక్కి, ఏమిటో అర్థమై, నన్ను వదల్లేక అలాగే నిలబడ్డాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా."

"చెబితే ఉంచేవోళ్ళా?"

అతను తన బూట్లవైపు చూసుకున్నాడు. నన్ను మడిచి ఆమెకు తిరిగి ఇచ్చాడు. "తగ్గినాక రమ్మనండి. గేటు కాడ కుర్చీ ఏయిస్తా," అన్నాడు. రంగు సంగతి ఎత్తలేదు.

ఇంటికొచ్చి నన్ను మరిగే నీళ్ళలో నాలుగుసార్లు ఉతికింది. నల్లరంగు కాస్త దిగింది గాని తెలుపు తిరిగి రాలేదు. కాలికి ఇక పనికిరానని వంటింట్లో మసిగుడ్డగా పెట్టుకుంది. ఆ పది రోజులూ పొయ్యి దగ్గరే ఉన్నాను. అతని ఎదురుచూపు గోడ అవతలినుంచి వినపడేది. మంచం కిర్రుమనేది, ఆగేది, మళ్ళీ కిర్రుమనేది.

పదోరోజు ఇద్దరూ ఆస్పత్రికి పోయి మధ్యాహ్నానికి వచ్చారు. ఆమె నేరుగా వంటింట్లోకి వచ్చి, నన్ను చేతికి చుట్టుకుని, పొయ్యి మీంచి కొర్రన్నం గిన్నె దించింది. రెండు పళ్ళేలు తీసింది. రెండు.

అతను గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కుడికాలికి చిన్న కట్టే ఉంది, దాని కొసన అయిదు వేళ్ళూ బయటికి కనపడుతున్నాయి. వాకిట్లో తీగమీద కొత్త తెల్ల సాక్సులు ఒక జత ఆరుతున్నాయి. ఒక్కోదాని అంచున ఒక్కో పోగు తక్కువ.

ఆమె గోంగూరపప్పు వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. సగం అన్నం అయ్యాక ఆమె ఎడమచెయ్యి చాపి, కళ్ళు మూసుకుని, అతని కుడికాలి వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది. చివరిదాకా తడిమి, చెయ్యి తీసుకుని, ఇంకో ముద్ద కలుపుకుంది.

గిన్నె పక్కన నేను ఇంకా వెచ్చగానే ఉన్నాను.